పండగ మూడు రోజులు, డబ్బా మూడు వారాలు: సంక్రాంతికి తిండి, నడక లెక్క

సంక్రాంతికి ఒళ్లు చేసేది భోగి నాడో కనుమ నాడో కాదు. ఆ మూడు రోజులూ ఎంత తిన్నా ఏడాదిలో అవి మూడు రోజులే. అసలు బరువు పెంచేది స్టీలు డబ్బా. పండగకు వారం ముందు నిండుతుంది, పండగ వెళ్లిన రెండు వారాలకు గానీ అడుగు కనిపించదు. టీతో రెండు జంతికలు, అన్నం తిన్నాక నోరు తీపి చేసుకోవడానికి ఒక అరిసె, టీవీ ముందు నాలుగు సకినాలు. వీటిలో ఏదీ భోజనం లెక్కలోకి రాదు. ఎవరైనా అడిగితే "ఏముంది, రెండు పూటలే తింటున్నాం" అంటాం.

అందుకే ఇక్కడ చెప్పేది పండగ నాడు నోరు కట్టుకోవడం గురించి కాదు. ఎంత వండాలి, ఎలా వేయించాలి, డబ్బా ఎక్కడ పెట్టాలి, తిన్నాక ఎప్పుడు నడవాలి అన్నదే.

ముందు తూకం

వంటింట్లో చిన్న డిజిటల్ త్రాసు ఉంటే మీ ఇంటి అరిసె ఒకటి, సకినం ఒకటి, గారె ఒకటి తూచి చూడండి. ఇంటింటికీ సైజు మారుతుంది కాబట్టి "ఒక అరిసెకు ఇన్ని కేలరీలు" అన్న పట్టికల మీద పెద్దగా ఆధారపడలేం. మోటు లెక్క ఒకటి గుర్తుంచుకుంటే చాలు. జంతికలు, సకినాలు, చెక్కలు లాంటి కరకరలాడేవి గ్రాముకు 5 కేలరీలు. సున్నుండ కూడా దాదాపు అంతే, దానికి కారణం నెయ్యి. అరిసె గ్రాముకు 4. బొబ్బట్టు, గారె గ్రాముకు 3, నెయ్యి ధారాళంగా పోస్తే బొబ్బట్టు ఇంకొంచెం పైకి.

దీని ప్రకారం 45 గ్రాముల అరిసె 180 కేలరీలు, 40 గ్రాముల సున్నుండ 200, గుప్పెడు జంతికలు, అంటే 30 గ్రాములు, 150. మధ్యాహ్నం గుప్పెడు, సాయంత్రం గుప్పెడు జంతికలు తింటే దాదాపు పావు కిలో అన్నం తిన్నంత. ఉడికిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలే మరి. అన్నం తగ్గించి జంతికలు తినేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇక నడిచి కరిగించేద్దాం అనుకుంటే, 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది 120 కేలరీల దాకా. ఒక్క అరిసెకు ముప్పావు గంట నడక. మూడు తింటే రెండుంబావు గంటలు, పండగ పూట అంత తీరిక ఎవరికుంటుంది? నడక వల్ల వేరే మేలు ఉంది, దాని సంగతి తర్వాత. బరువు లెక్క మాత్రం వంటింట్లోనే తేలాలి.

బెల్లం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "పంచదార కాదు, బెల్లమే కదా" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. రుచికి, వాసనకు బెల్లమే మేలు, సందేహం లేదు. ఒంట్లోకి వెళ్లాక మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు, బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి బయటి నుంచి కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చొప్పున వండిన 45 గ్రాముల అరిసెలో సుమారు 15 గ్రాముల బెల్లం ఉంటుంది. రెండు అరిసెలతో ఆ 25 గ్రాములు దాటిపోతాయి, పొద్దున టీలో వేసుకున్న పంచదార కలపకుండానే.

పొయ్యి దగ్గర

"ఆరోగ్యం" అనగానే అందరికీ తట్టే మొదటి ఆలోచన అరిసెల్లో బెల్లం తగ్గించడం. ఆ పని చేయొద్దు. బెల్లం తగ్గితే పాకం చాలదు, పిండి పట్టు దొరక్క అరిసె నూనెలో విచ్చిపోతుంది. పాకం ముదిరితే రాయిలా గట్టిపడుతుంది, లేతగా ఉంటే మళ్లీ విచ్చుకుంటుంది. తగ్గించాల్సింది సైజు. పెద్ద నిమ్మకాయంత ఉండ తీసే చోట పెద్ద ఉసిరికాయంత తీయండి, 25 నుంచి 30 గ్రాములు వస్తుంది. మనిషి లెక్కపెట్టేది ఎన్ని అరిసెలు తిన్నానని, ఎన్ని గ్రాములని కాదు. రెండు తిన్న తృప్తి ఉంటుంది, కడుపులోకి వెళ్లేది ఒకటింబావు.

నూనె తాగడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, తేడా అంతా అక్కడే. మూకుట్లో నూనె చాలినంత కాగకపోతే పిండి పైన వెంటనే పొర కట్టదు, ఆ లోపు నూనె లోపలికి పోతుంది. చిటికెడు పిండి వేసి చూడండి. అడుగుకు వెళ్లి అక్కడే ఉండిపోతే ఇంకా కాగలేదు. వేయగానే రంగు మారితే ఎక్కువ కాగింది. కిందికి దిగి, బుడగలతో నిదానంగా పైకి తేలితే సరి. పని తొందరగా అవ్వాలని మూకుడు నిండా ఒకేసారి వేస్తే నూనె వేడి పడిపోతుంది, ఆ వాయ మొత్తం జిడ్డుగా వస్తుంది. అరిసె తీసిన వెంటనే, వేడి మీదే, చెక్కల మధ్య గానీ రెండు చిల్లుల గరిటెల మధ్య గానీ గట్టిగా ఒత్తండి. చల్లారాక ఒత్తినా నూనె రాదు, అరిసె విరుగుతుంది.

జంతికల పిండిలో వెన్న కిలోకు 50 గ్రాములు చాలు. గుల్లగా రావాలని దానికి రెట్టింపు వేస్తే నూనెలో విడిపోయి, విడిన చోటల్లా నూనె పీలుస్తాయి. సకినాల పిండిలో వెన్న ఉండదు కాబట్టి అవి కొంత నయం. కానీ గుడ్డ మీద చుట్టినవి బాగా ఆరకముందే నూనెలో వేస్తే చిటపటమని పేలి చేతుల మీదికి చిందుతుంది. నాలుగు చుట్ల సకినం బదులు రెండు చుట్లవి పెట్టండి, పిల్లలకూ పట్టుకోవడం సులువు. గారెల పిండికి నీళ్లు ఎంత తక్కువ పోసి రుబ్బితే అంత మంచిది. పిండి పలుచనైతే గారె నూనె ముద్దవుతుంది, అందులో మళ్లీ బియ్యప్పిండి కలిపి సరిచేయబోతే గట్టిపడుతుంది.

మీ ఇంట్లో ఒక్కో అరిసె ఎంత నూనె తాగుతోందో తెలుసుకోవడం చాలా తేలిక. మూకుట్లో పోసే ముందు నూనె కొలవండి, మధ్యలో ఎంత కలిపారో రాసుకోండి, అంతా అయ్యాక చల్లార్చి వడకట్టి మిగిలింది కొలవండి. లీటరు పోసి 60 అరిసెలు వండాక 600 మిల్లీలీటర్లు మిగిలితే, ఒక్కోదానికి సుమారు 6 గ్రాముల నూనె, అంటే 55 కేలరీలు నూనె నుంచే. పై ఏడాది సరిగా ఒత్తి చూడండి, ఈ అంకె తగ్గుతుంది. వేరుశనగ నూనె అయినా, నువ్వుల నూనె అయినా, పామాయిల్ అయినా గ్రాముకు 9 కేలరీలే. కొవ్వు రకంలో తేడా ఉంటుంది గానీ బరువు లెక్కలో ఉండదు.

మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు. చెడిన నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై 1 నుంచి అమల్లో పెట్టిన నిబంధన. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు గనక గుర్తులు చూడాలి: కాగకముందే పొగ, మీద ఆగని నురగ, చేతికి బంకగా తగలడం, ముదురు రంగు. వీటిలో ఏది కనిపించినా పారబోయాలి. పాత నూనెలో కొత్తది కలిపితే కొత్తదీ చెడుతుంది, పాతది బాగుపడదు. రెండోసారి వాడదలిస్తే పోపులకు, కూరలకు ఒకటి రెండు రోజుల్లో వాడేయండి.

డబ్బా సంగతి

ఎంత వండాలి? రెండు కిలోల బియ్యానికి 45 గ్రాముల అరిసెలు 75 నుంచి 85 దాకా వస్తాయి. ఇంట్లో నలుగురైతే మనిషికి ఇరవై. ఇరవై అరిసెలు 3600 కేలరీలు, అంటే అర కిలో కొవ్వుకు కాస్త తక్కువ. అందులో జంతికలు, సున్నుండలు, చెక్కలు లేవు. "పంచిపెట్టడానికి కదా" అంటారు. అయితే ఎవరెవరికి ఎన్నో ముందే కాగితం మీద రాసి, చల్లారిన రోజే కవర్లలో కట్టేయండి. "తర్వాత ఇద్దాం" అనుకున్నవి ఇంట్లోనే తీరిపోతాయి. ఒక ఏడాది అరిసెలు వండితే సున్నుండలు మానేయడం, పక్కింటివాళ్లతో ఒకరు కారం, ఒకరు తీపి వండి మార్చుకోవడం కూడా బాగా పనిచేస్తుంది.

పెద్ద డబ్బా అటక మీదికి వెళ్లాలి, స్టూలు వేస్తే గానీ అందకూడదు. వంటింట్లో చిన్న డబ్బా ఒకటి, అందులో ఆ రోజుకు ఇంటిల్లిపాదికీ కలిపి సరిపడేవి మాత్రమే. గాజు సీసా కాదు, లోపల ఏముందో కనపడని స్టీలు డబ్బా. డబ్బాలోంచి నేరుగా నోట్లోకి వెళ్లకూడదు, ప్లేటులో పెట్టుకుని కూర్చుని తినాలి. వినడానికి చిన్నపిల్లల నియమంలా ఉన్నా, నిలబడి తిన్నవి ఎవరికీ లెక్కుండవు.

ఎప్పుడు తినాలన్నది కూడా ముఖ్యమే. ఉదయం టిఫిన్‌కు బదులుగా రెండు చిన్న అరిసెలు, ఒక గుడ్డో గుప్పెడు ఉడికించిన వేరుశనగలో, మజ్జిగ. లేదా సాయంత్రం నాలుగింటికి కారం ఏదైనా 30 గ్రాములు, ఒక జామకాయ. రాత్రి భోజనమయ్యాక మాత్రం వద్దు. మూడో వారానికి నూనె పిండివంటలకు ముక్కవాసన మొదలవుతుంది. అప్పుడు "పారేయలేక" తినడం కంటే ముందే పంచడం మేలు.

విస్తరి ముందు

పండగ విస్తరిలో అసలు చిక్కు తీపి కాదు, అన్నం మూడు రూపాల్లో రావడం. పులిహోర అన్నమే, పరమాన్నం అన్నమే, మధ్యలో పప్పు నెయ్యితో తెల్లన్నం. పక్కన బొబ్బట్టు, దానిలోనూ పిండీ పప్పూ బెల్లమూ. పులిహోర ఒక కప్పు వేసుకుంటే తెల్లన్నం సగం చేయండి. పరమాన్నం రెండు చెంచాలు ప్రసాదంలా తీసుకోండి, గిన్నెతో కాదు.

వడ్డన పూర్తయ్యాక కూరతో మొదలుపెట్టండి. జనవరిలో చిక్కుడుకాయ, గుమ్మడి, వంకాయ, పచ్చి కందికాయలు, చిలగడదుంప అన్నీ చవకగా, లేతగా దొరుకుతాయి. చిక్కుడుకాయ కూర నాలుగు ముద్దలు, పప్పు కాస్త ముందు తిని, తర్వాత అన్నం కలుపుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. షుగర్ లేనివాళ్లకూ ఈ వరస మంచిదే, ఎందుకంటే పులిహోర మూడోసారి అడగబుద్ధి కాదు. చిలగడదుంపను కూరగాయ కింద లెక్కపెట్టొద్దు, అది అన్నం పక్షం.

కనుమకు మినుము తినాలంటారు, గారెలూ నాటుకోడి పులుసూ తప్పవు. మూడు గారెలు 350 కేలరీల దాకా. అవి తిన్న పూట అన్నం వద్దు, పులుసు గారెలతోనే. మాంసం మనిషికి పచ్చిది 125 గ్రాముల చొప్పున తెచ్చుకుంటే కూర సరిపోతుంది, తరిగేటప్పుడే కొవ్వు ముక్కలు తీయించండి. ఉడికాక మీద తేలే నూనె తెట్టును గరిటెతో పక్కకు తీయవచ్చు. గారెలు రాత్రికి మిగిలితే పెరుగులో వేయండి, మళ్లీ నూనెలో వేడిచేయొద్దు. రాత్రి భోజనానికీ పడకకూ రెండు మూడు గంటల ఎడం ఉంటే గుండెల్లో మంట బాధ సగం తగ్గుతుంది.

ఇక మొహమాటం. "నాకు షుగర్ ఉందండీ" అన్నా "పండగ పూట ఒక్కటికేం కాదు" అనే ఊళ్లు మనవి. వాదించి గెలవలేరు. ఆకు ఖాళీగా కనిపిస్తేనే వడ్డించేవాళ్ల చేయి వస్తుంది కాబట్టి చివరి ముద్ద, సగం అరిసె ఆకు మీదే ఉంచుకుని నెమ్మదిగా తినండి. "అత్తయ్యా, అరిసె వద్దు గానీ ఇంకాస్త మజ్జిగ పోయండి" అని ఏదో ఒకటి అడిగితే పెట్టేవాళ్లకూ తృప్తి. గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడైతే వందల రకాలు ముందు పరుస్తారు. అక్కడ ఒక పద్ధతే పనిచేస్తుంది: ఒక్కోటీ గోరంత, నచ్చిన నాలుగు మాత్రమే మళ్లీ.

చెరకు గడ నమిలితే ఫర్వాలేదు, దవడ నొప్పెట్టి మీరే ఆపేస్తారు. గ్లాసు రసమైతే రెండు నిమిషాల్లో పాతిక గ్రాములు పైబడిన చక్కెర.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు

మధ్యాహ్నం విందుంది కదా అని ఉదయం టిఫిన్ మానేసి మాత్ర మాత్రం వేసుకోవడం పండగల్లో జరిగే పెద్ద పొరపాటు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ రకం మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే చక్కెర 70 కిందికి పడిపోవచ్చు. పూజ అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది, ఈలోగా చెమటలు, వణుకు, కోపం. అలా అనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి. అరిసె తింటే సరిపోదు, అందులోని నూనె వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. ఈ మందులతో పాటు కనుమ నాడు మద్యం కూడా తోడైతే, ఏమీ తినకుండా పడుకుంటే ప్రమాదం. ఎక్కువ తిన్నామని ఎవరికి వారే మాత్ర రెట్టింపు చేసుకోవడం అంతకంటే ప్రమాదం, అది డాక్టరును అడిగే చేయాలి.

తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోండి. చాలామందికి లక్ష్యం 180 లోపు. ఏ వంటకు ఎంత పెరుగుతోందో మూడు రోజులు రాసుకుంటే మీ ఒంటికి పులిహోర పడదో, బొబ్బట్టు పడదో మీకే తెలిసిపోతుంది.

బీపీకి తీపి కంటే కారం డబ్బాతోనే ఇబ్బంది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే అంటుంది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. అది ఒక చిన్న చెంచా. జంతికలు, పులిహోర, అప్పడం, ఆవకాయ ఒకే పూట వస్తే ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోతుంది. నాలుగింటిలో రెండు ఎంచుకోండి. ఊరెళ్లేటప్పుడు మాత్రలు డిక్కీలోని సూట్‌కేసులో కాక చేతి సంచిలో ఉండాలి. సంక్రాంతి రద్దీలో హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో టోల్‌గేట్ల దగ్గరే గంటలు పట్టే రోజులుంటాయి, మాత్ర వేళ దాటిపోతుంది. రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. దిగే వీల్లేకపోతే కూర్చునే మడమలు ఎత్తి దించండి, ముప్పై సార్లు.

కదలడం

నడక వల్ల మేలుందని పైన అన్నది ఇదే: అన్నం తిన్న పావుగంట లోపు పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి. ఉదయం గంట నడిచాం కదా అని మధ్యాహ్నం విందు కాగానే దుప్పటి ముసుగేస్తే ఈ లాభం రాదు. భోజనం కాగానే పిల్లల్ని వెంటేసుకుని గుడి దాకానో, కాలువ గట్టు దాకానో వెళ్లి రండి. మూడు పూటలా పది నిమిషాలైతే రోజుకు అరగంట, వారంలో ఐదు రోజులకు 150 నిమిషాలు, పెద్దవాళ్లకు వారానికి కనీసం కావాలని చెప్పే వ్యాయామం కూడా అన్ని నిమిషాలే, కాకపోతే అది కాస్త వేగంగా నడిచే లెక్క. అయితే తిన్న వెంటనే అంత వేగం వద్దు, కడుపులో పట్టేస్తుంది. ఉదయపు నడకలో మాత్రం మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం ఉండాలి.

కండ కోసం పన్నెండు నిమిషాలు చాలు, జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం 12 సార్లు, గోడకు చేతులానించి దండీలు 10, మెట్టు ఎక్కి దిగడం కాలికి 10 చొప్పున, మునివేళ్ల మీద లేవడం 15. నిమిషం ఆగి మళ్లీ ఒక విడత. రోజు విడిచి రోజు, టిఫిన్‌కు ముందు. మోకాలి నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి.

ముగ్గు కూడా వ్యాయామమే, సరిగా వేస్తే. నడుము వంచి గంటసేపు చుక్కలు పెడితే మర్నాడు లేవలేరు. గొంతుకూర్చుని, ఐదు నిమిషాలకోసారి లేచి వెనక్కి వంగండి. ఉబ్బసం ఉన్నవాళ్లు భోగి మంటకు గాలి వచ్చే వైపు నిలబడాలి, పొగ వైపు కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు మంచులో తెల్లవారుజామున వేగంగా నడవకుండా ఎండ పొడిచాక బయల్దేరడం మంచిది.

త్రాసు ఎక్కడం

భోగికి ముందు రోజు ఉదయం ఒకసారి బరువు చూసి రాసుకోండి. ముక్కనుమ నాడు మాత్రం త్రాసు ఎక్కకండి. ఉప్పు, పిండి ఎక్కువ తిన్న ఒంట్లో నీరు నిలుస్తుంది, కిలోన్నర పెరిగినట్టు చూపిస్తుంది. అది చూసి రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే మూడో రోజు డబ్బా మీదే పడతాం. మామూలు తిండి, మామూలు నడకతో వారం గడిచాక, అదే త్రాసు మీద, అదే వేళకు చూడండి. అర కిలో లోపు తేడా ఉంటే ఏమీ చేయక్కర్లేదు. అంతకు మించితే రాత్రి అన్నం పావు వంతు తగ్గించి, అటక మీదున్న పెద్ద డబ్బా దింపి, మిగిలినవి ఆఫీసుకో, వాచ్‌మన్ ఇంటికో పంపేసి, డబ్బా కడిగి ఎండలో బోర్లించండి.